కార్డులో నలుగురు, కుండ దగ్గర నలుగురు

విశాఖపట్నం హార్బరు పరిసరాల్లోని వాడల్లో పోషకాహార సలహాదారుగా పనిచేస్తూ నేను చూసిన కేసుల్లో, నా లెక్కలోని తప్పును నాకే చూపించిన కేసు ఇది. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాడ పేరు రాయలేదు. వయసులు, ఆనవాలు పట్టడానికి వీలున్న మరికొన్ని వివరాలు కొద్దిగా మార్చాను. కొలతలనూ సంఘటనల వరసనూ మాత్రం ఉన్నవున్నట్టే ఉంచాను.

నేపథ్యం

2024 ఆగస్టులో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఆరోగ్య పరీక్షలు చేసినప్పుడు, ఎనిమిదో తరగతి చదువుతున్న పదమూడేళ్ల అమ్మాయికి హిమోగ్లోబిన్ 8.4 గ్రాములే ఉన్నట్టు తేలింది. ఉదయం ప్రార్థన వేళ రెండుసార్లు కళ్లు తిరిగి కూలబడిందని ఉపాధ్యాయురాలు చీటీలో రాసి పంపారు. ఆ వయసు పిల్లలకు 12 గ్రాములు ఉండాలి. 8కి దిగితే తీవ్ర రక్తహీనత కింద జమకడతారు. ఆ పిల్ల సరిగ్గా ఆ గీతకు పైన నిలబడి ఉంది.

ఇంట్లో ఉన్నవాళ్లు నలుగురు. అరవై ఏళ్లకు దగ్గరపడిన అమ్మమ్మ భర్తను పోగొట్టుకున్న మనిషి. రోజూ తెల్లవారుజామున నాలుగింటికే హార్బరుకు వెళ్లి, వేలంలో ఒక తట్ట చేపలు పాడుకుని, ఎంవీపీ కాలనీ వీధుల్లో తిరిగి అమ్ముకుంటుంది. ఆమె చిన్న కొడుకుకు ఇరవై ఎనిమిదేళ్లు, పెళ్లి కాలేదు, మరబోటులో కలాసీగా వేటకు వెళ్తాడు. మిగిలినవాళ్లు ఈ అమ్మాయి, నాలుగేళ్ల ఆమె తమ్ముడు. పిల్లల తల్లి హైదరాబాదులో ఒక ఇంట్లోనే ఉండి పనిచేస్తూ, వీలున్న నెలల్లో డబ్బు పంపుతుంది. ఇల్లరికం వచ్చిన తండ్రి మూడేళ్ల కిందట పనికోసం ఇంకో నగరానికి వెళ్లి, రాకపోకలు క్రమంగా మానేశాడు.

మొదటి అంచనా

నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లింది సెప్టెంబరు 5న. నా దగ్గరున్న పత్రంలో గళ్లన్నీ ఇబ్బంది లేకుండా నిండాయి. కుటుంబ సభ్యులు నలుగురు. బియ్యం కార్డు ఉంది, అందులో నాలుగు పేర్లు ఉన్నాయి. జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోల చొప్పున 20 కిలోలు వస్తాయి, 2023 జనవరి నుంచి అవి ఉచితం కూడా. అమ్మమ్మకు నెలకు 4,000 రూపాయల వితంతు పింఛను ఉంది. ఆహార అభద్రతను కొలవడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ రూపొందించిన ఎనిమిది ప్రశ్నలు కూడా అడిగాను. తిండికి డబ్బు చాలక ఒక పూట మానుకున్నారా, ఇంట్లో తిండి నిండుకుందా, రోజంతా తినకుండా ఉన్నారా వంటి ప్రశ్నలవి. ఒక్కదానికి కూడా ఆమె అవునని చెప్పలేదు. దాంతో "ఆహార లభ్యత ఫర్వాలేదు, సమస్య పోషకాహార అవగాహనకు సంబంధించినది" అని రాసుకుని వచ్చేశాను.

ఈ నిర్ణయం ఎందుకు సబబుగా తోచిందో దాచకుండా చెప్పాలి. జనగణన నిర్వచనం ప్రకారం, కలిసి నివసిస్తూ ఒకే వంటగది నుంచి తినేవాళ్లే ఒక కుటుంబం. ఇంట్లో ఉన్నది నలుగురు, కార్డులో ఉన్నది నలుగురు. రెండు అంకెలూ ఒకటే కావడంతో ఇక అడగాల్సింది ఏమీ లేదనిపించింది. అంకెల్లో తేడా కనిపించి ఉంటే ఆ రోజే పేర్లు చదివించేదాన్ని.

రెండో పొరపాటు తేదీ. అయిదో తారీఖు నాటికి ఆ ఇంట్లో పింఛను వచ్చి ఉంటుంది, బియ్యం వచ్చి ఉంటాయి. పైగా నేను ఆ ప్రశ్నలు అడుగుతున్నప్పుడు చిన్న కొడుకు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. కన్నకొడుకు వింటుండగా ఇంట్లో కూడు లేని రోజుల గురించి ఏ తల్లీ పైవాళ్లకు చెప్పదు.

ఫలించని ప్రయత్నాలు

వైద్యాధికారి ఆ పిల్లకు నులిపురుగుల మందు ఇచ్చి, రోజుకు రెండు ఐరన్ మాత్రల చొప్పున మూడు నెలలకు రాశారు. తోటకూర, గుడ్లు, బెల్లం, చోళ్లు (రాగులు), చేపలు తినాలని, మాత్ర వేసుకునే వేళకు టీ తాగకూడదని నేను వివరంగా చెప్పాను. అమ్మాయి అన్నిటికీ తలూపింది. నవంబరు చివర పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. మూడు నెలల మందుకు రావలసిన పెరుగుదల కాదది.

మాత్రల పట్టీలు తెమ్మని అడిగితే సగానికి పైగా మాత్రలు అలాగే మిగిలి ఉన్నాయి. మరచిపోయిందేమోనని మొదట అనుకున్నాను. అడిగితే కడుపులో నొప్పి వస్తోందని చెప్పింది. ఖాళీ కడుపున వేసుకుంటే ఐరన్ మాత్ర చాలామందికి వికారం, నొప్పి కలిగిస్తుంది. అందుకే భోజనం చేశాక వేసుకోమంటాం. "భోజనం తర్వాత" అని పట్టీ మీద రాసి ఇచ్చినవాళ్లం మేము. భోజనం లేని పూట ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. నా అంచనా మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది అప్పుడే.

అయినా నా ఆలోచన ఇంకా "సరుకు తక్కువైంది" అన్న దగ్గరే ఆగింది. డిసెంబరులో దాతల సాయంతో ఆ ఇంటికి 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె ఇప్పించాను. పదో రోజున వెళ్లి చూస్తే సంచిలో మూడు నాలుగు కిలోలకు మించి లేవు. అమ్ముకున్నారేమోనన్న ఊహ నాకు వచ్చిన మాట నిజం. అడిగితే అమ్మమ్మ ఏ బెరుకూ లేకుండా చెప్పింది: "నానేటి సేసేదమ్మా? మూడిళ్లకాడ బదులు తెచ్చుకున్న బియ్యం తీర్సేసినాను. ఇప్పుడు తీర్సకపోతే రేపు పిల్లలకి కూడు లేని నాడు ఏ గుమ్మం ఎక్కనిస్తారు?"

ఆ మాటతో నా ఊహకు నేను నొచ్చుకున్నాను, ఆ తర్వాత నాకు చాలా సంగతులు తెలిసివచ్చాయి. ఆమె దృష్టిలో దాతలిచ్చిన బియ్యం ఒకసారి వచ్చి పోయేవి, పక్కిళ్ల బదులు ఏడాది పొడవునా నిలిచి ఉండేది. నిలిచేదాన్ని కాపాడుకోవడానికి ఆమె వచ్చిపోయేదాన్ని ఖర్చుపెట్టింది. ఆ తీర్మానాన్ని నేను ఈనాటికీ తప్పు పట్టలేను. అయితే అడిగినవాటికల్లా లేదని చెప్పిన ఇల్లు మూడిళ్లకు బియ్యం బాకీ పడిందంటే, నా ప్రశ్నలు తప్పు మనిషికి, తప్పు రోజున వెళ్లాయన్నమాట.

పేర్లు చదివిన రోజు

ఆ రోజే కార్డు తెప్పించి పేర్లు చదివించాను. అమ్మమ్మ, కూతురు, అల్లుడు, మనవరాలు. నాలుగేళ్ల పిల్లవాడి పేరు అందులో లేదు, వాడు పుట్టాక ఎవరూ చేర్పించలేదు. కలాసీ కొడుకు పేరు మధురవాడ వైపు వేరుగా ఉంటున్న అన్న కార్డులో ఉండిపోయింది. అంటే కార్డులో ఉన్న నలుగురిలో ఇద్దరు ఈ ఇంట తినరు, ఈ ఇంట తినే నలుగురిలో ఇద్దరు కార్డులో లేరు. రెండు చోట్లా నాలుగే కావడం కేవలం కాకతాళీయం.

అంతటితో ఆగలేదు. ఇప్పుడు దేశంలో ఎక్కడైనా ఏ రేషను దుకాణంలోనైనా కార్డు మీద బియ్యం తీసుకోవచ్చు. వలసపోయినవాళ్లకు ఆ ఏర్పాటు ఎంతో మేలు చేసింది, అందులో సందేహం లేదు. కానీ కార్డులో పేరున్న ఎవరి వేలిముద్ర పడినా యంత్రం బియ్యం ఇస్తుంది. చట్టం ప్రకారం ఇంటి యజమానురాలిగా కార్డు మీద ఉన్నది అమ్మమ్మే. అయినా ఎక్కడో ఉన్న అల్లుడు కొన్ని నెలలు 10 కిలోలు, ఒక్కోసారి 20 కిలోలూ తీసేసుకుంటున్నాడు. అప్పట్లో బియ్యం బండి ఉదయం వేళ వీధిలోకి వచ్చేది. ఆ వేళకు అమ్మమ్మ చేపల తట్టతో కాలనీల్లో ఉంటుంది, మనవరాలు బడిలో ఉంటుంది. బండి మళ్లీ దొరికే సరికి కోటా అయిపోయినట్టు యంత్రం చూపేది. ఆమె అది తన వేలిముద్రలు అరిగిపోయినందువల్ల అనుకుంటోంది.

వార్డు సచివాలయంలో కనుక్కుంటే, బతికి ఉన్న మనిషి పేరును అతని ప్రమేయం లేకుండా తీసేయడం కుదరదన్నారు. పిల్లవాడి పేరు చేర్చే దరఖాస్తులు కూడా అప్పుడు తీసుకోవడం లేదు. కాగితం మీద ఇల్లు ఎలా ఉందో ఇప్పట్లో మార్చలేమని తెలిశాక, నిజం ఇల్లు ఎలా ఉందో ముందు తెలుసుకుందామని నిర్ణయించుకున్నాను.

కుండ క్యాలెండరు

జనవరి మొదట్లో గోడకు వేలాడే ఒక తెలుగు క్యాలెండరు కొని ఆ అమ్మాయి చేతికిచ్చాను. ఏ పూట ఎవరు ఇంట్లో తిన్నారో తేదీ గడిలో ఒక్కో అక్షరం వేసి గుర్తుపెట్టమన్నాను. అమ్మమ్మకు "అ", మామయ్యకు "మా", తమ్ముడికి "త", తనకు "నే". సభ్యులెంతమంది అని మళ్లీ అడగకుండా ఈ దారి పట్టడానికి కారణం ఒకటుంది. ఈ ఇంట్లో మనుషుల సంఖ్య నెలలోనే మారుతోందని నాకు అప్పటికి అనుమానం కలిగింది. మారేదాన్ని ఒక్క రోజు అడిగి తెలుసుకోలేం.

నెల తిరిగేసరికి చిత్రం తేటపడింది. బోటు వేటకు వెళ్తే రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సముద్రం మీదే ఉంటుంది. ఆ రోజుల్లో కలాసీల తిండి బోటులోనే. ఒడ్డుకొచ్చాక అతను ఇంట్లో తింటాడు. మన పోషకాహార శాస్త్రంలో కూర్చుని పనిచేసే పురుషుడి అవసరాన్ని 1గా పెట్టుకుని మిగిలినవాళ్లను దానితో కొలిచే పాత పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం తట్ట మోసే అమ్మమ్మకు 0.9, ఎదిగే వయసులోని అమ్మాయికి 1, చిన్నవాడికి 0.5. మొత్తం 2.4. కాయకష్టం చేసే కలాసీ ఒక్కడికే 1.6. అతను ఇంట్లో అడుగు పెడితే ఆ కుండ మీద భారం 2.4 నుంచి 4కి చేరుతుంది, అంటే మూడింట రెండు వంతులు పెరుగుతుంది. వాళ్ల వంట కూడా దీనికి సరిగ్గా సరిపోయింది. అతను లేనప్పుడు రోజుకు 900 గ్రాముల బియ్యం పడితే, ఉన్నప్పుడు కిలోన్నర పడుతోంది. నెలలో సగం రోజులు ఇంట్లో ఉన్నాడనుకుంటే 36 కిలోలు కావాలి. కార్డు మీద 20 వచ్చిన నెలలో 16, పది మాత్రమే వచ్చిన నెలలో 26 కిలోలు కొనుక్కోవాలి. పింఛను 4,000లో 2,500 ఒకప్పటి పెళ్లి అప్పు వడ్డీకి ఒకటో తారీఖునే పోతుంది. ఇరవయ్యో తేదీ దాటాక గళ్లలో "అ", "నే" అక్షరాలు పలచబడుతున్నాయి. "త" మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు.

ఆ ఎనిమిది ప్రశ్నలనే, అమ్మమ్మ అనుమతి తీసుకుని, అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి మామూలు మాటల్లో అడిగాను. ఆరింటికి అవునంది. ఎప్పుడు తింటావని అడిగితే "అందరూ అయ్యాక" అంది. అది విని కాసేపు నోట మాట రాలేదు. అమ్మమ్మ నాలుగింటికే వెళ్లిపోతుంది. తెల్లారి లేచి వండేది, తమ్ముడికి తినిపించేది, మామయ్యకు వడ్డించేది ఈ పిల్లే. మన ఇళ్లలో వండి వడ్డించే ఆడమనిషి చివర తింటుంది, చాలనప్పుడు తక్కువ తింటుంది. ఈ ఇంట్లో నడుమ తరం లేకుండా పోయాక, తల్లి చేసే పనితోపాటు తల్లి తినే వరస కూడా పదమూడేళ్ల పిల్లకు వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆమెకు పెట్టకూడదని అనుకోలేదు. ఆ స్థానంలో ఎవరుంటే వాళ్లకు మిగిలేది అంతే. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనమే ఆ పిల్లకు కచ్చితంగా దొరికే ఒక పూట.

తోటకూర, గుడ్లు తినమని ఆమెకు నేను చెప్పిన సలహా ఎంత అర్థం లేనిదో అప్పుడు బోధపడింది. అమ్ముడుపోని కవళ్లో నెత్తళ్లో, ఏవో చిన్న చేపలు ఇంటికి వచ్చిన రోజున కూడా, కూర అడుగుకు వచ్చేసరికి పులుసే మిగులుతుంది.

పనిచేసినవి

మొదట మాట్లాడాల్సింది కొడుకుతో. తింటున్నావని అతన్ని నిందించే ఉద్దేశం నాకు లేదు. అతను కష్టపడి పనిచేసే మనిషి, అతని తిండి అతని హక్కు. క్యాలెండరు అతని ముందు పెట్టి, తను లేని రోజుల్లో, ఉన్న రోజుల్లో గళ్లు ఎలా ఉన్నాయో చూడమన్నాను. చాలాసేపు చూశాడు. ఒడ్డుకొచ్చినప్పుడల్లా తల్లికి డబ్బు ఇస్తూనే ఉన్నానని చెప్పాడు, అది నిజం. ఆ డబ్బు వడ్డీ వ్యాపారికి వెళ్తోందన్న సంగతి అతనికి తెలియదు. అందుకని ఇచ్చేది ఎంత పెంచాలన్నది పక్కనపెట్టి, ఎలా ఇవ్వాలన్న దాని మీద మాట్లాడుకున్నాం. వేటలో తన వాటా డబ్బు చేతికొచ్చిన రోజే కిరాణా కొట్టులో 25 కిలోల బియ్యం బస్తా, రెండు కిలోల పప్పు తనే కొని ఇంట్లో దింపేట్టు అమ్మమ్మ, కొడుకు కలిసి ఒప్పందం చేసుకున్నారు. బస్తాను వడ్డీ కింద ఎవరూ పట్టుకుపోరు.

రెండోది వడ్డన వరస. ముందు నువ్వు తిను అని ఆ పిల్లకు చెప్పి లాభం లేదని తెలుసు, మామయ్య కంటే ముందు కూర్చుని తినడం ఆమెకు చేతకాదు. అందుకే వరసను మార్చే బదులు వేళను మార్చాం. అమ్మమ్మ రాత్రే చోడి అంబలి కాచి మూతపెట్టి ఉంచుతుంది. ఉదయం పొయ్యి వెలిగించక ముందే అక్కా తమ్ముడూ అది తాగుతారు, అప్పుడు వడ్డించాల్సింది ఎవరికీ ఉండదు. మాత్రలను బడి భోజనం తర్వాతకు మార్చి, ఉపాధ్యాయురాలి దగ్గరే ఉంచాం. ఇంట్లో భోజనం ఉంటుందో ఉండదో తెలియనప్పుడు, తప్పకుండా ఉండే భోజనానికి మందును ముడిపెట్టడమే తెలివైన పని. దీన్ని ఆగస్టులోనే ఆలోచించి ఉండాల్సింది.

చిన్నవాడి బరువు 12.4 కిలోలు, వయసుకు తక్కువ. జబ్బ చుట్టుకొలత 12.9 సెంటీమీటర్లు ఉండడంతో 12.5 హద్దుకు పైనే ఉండి, పోషకాహార లోపమున్న పిల్లల జాబితా దేనిలోకీ ఎక్కలేదు. వాడి పేరు తల్లి అంతకుముందు ఉన్న వాడలోని అంగన్వాడీలో ఉండిపోయింది. దాన్ని ఇక్కడి కేంద్రానికి మార్పించడానికి రెండు వారాలు సరిపోయాయి.

సంక్రాంతికి తల్లి నాలుగు రోజులు వచ్చింది. అల్లుడి విషయం నేను కల్పించుకోవలసినది కాదు. ఆమె తనే తన వైపు పెద్దలచేత ఫోనులో మాట్లాడించింది. తన వంతు 5 కిలోలే తీసుకుంటానని అతను ఒప్పుకున్నాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాట నిలుపుకున్నాడు, ఏప్రిల్‌లో మళ్లీ 10 తీశాడు.

మార్చి చివర అమ్మాయి హిమోగ్లోబిన్ 10.3.

వేట నిషేధం రోజులు

అసలు పరీక్ష ఏప్రిల్ 15న మొదలైంది. ఆ రోజు నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఈ ఇంటి విషయంలో ఆ రెండు నెలల్లో ఏమేం ఒకేసారి జరుగుతాయో క్యాలెండరు లేకపోతే నాకు తట్టేది కాదు. ఎక్కువ తిండి కావలసిన మనిషి 61 రోజులూ ఇంట్లోనే ఉంటాడు. అతని వాటా ఆగిపోతుంది. హార్బరుకు సరుకు తగ్గి, తట్ట ధర పెరిగి, అమ్మమ్మ బేరం పడిపోతుంది. వేసవి సెలవులతో బడి భోజనం కూడా ఆగుతుంది. నెలకు 45 కిలోల బియ్యం కావలసిన కాలంలోనే వచ్చేదారులన్నీ మూసుకుంటాయి. ప్రభుత్వం మత్స్యకారులకిచ్చే భృతి 2025లో 20,000 రూపాయలు అయింది, అది పెద్ద ఊరటే. అయితే అది ఒకేసారి ఖాతాలో పడుతుంది, తినవలసింది 61 రోజులు.

అందుకే మార్చిలోనే సిద్ధపడ్డాం. చివరి రెండు వేటల వాటాలతో రెండు బస్తాలు అదనంగా కొనిపించాం. భృతి పడగానే ఇంకో బస్తా, అయిదు కిలోల పప్పు కొన్నారు. నిషేధం రోజుల్లో కొడుకు వలలు అల్లే కూలికి వెళ్లాడు. మధ్యాహ్నం బయట ఉన్నప్పుడు అతనూ, కాలనీల్లో తిరిగే అమ్మమ్మా అన్న క్యాంటీన్‌లో అయిదు రూపాయల భోజనం చేయడం అలవాటు చేసుకున్నారు. బయట పనిలో ఉన్న మనిషి ఆకలిని అది తీర్చగలదు, ఇంట్లో ఉన్న పిల్లల దాకా రాలేదు. అయినా ఇద్దరి మధ్యాహ్నపు పూట కుండ మీద నుంచి తగ్గడం వల్ల పిల్లలకు మిగిలింది. మేలో కార్డు దరఖాస్తులు మళ్లీ మొదలయ్యాక చిన్నవాడి పేరు చేర్చడానికి పెట్టారు.

మే మూడో వారంలో ఆరు రోజులు "నే" అక్షరం రాత్రిపూట కనిపించలేదు. బస్తా ఉన్నా ఎందుకలా జరిగిందంటే, అమ్మమ్మకు జ్వరం వచ్చి అంబలి కాయడం ఆగింది, వండే పనంతా మళ్లీ ఆ పిల్ల మీదే పడింది. సరుకు సమస్య తీరినా వరస సమస్య అలాగే పొంచి ఉంటుందని ఆ ఆరు గళ్లు చూపించాయి. అప్పటినుంచి ఇలాంటి ఇళ్లలో వండే మనిషి జబ్బుపడితే ఆ పని ఎవరికి వెళ్తుందో కూడా ముందే అడుగుతున్నాను.

జూన్ చివర పరీక్షల్లో అమ్మాయికి 10.6 వచ్చింది. నిషేధం రోజుల్లో తగ్గకుండా కాస్తయినా పెరగడమే గొప్ప అనుకున్నాను. చిన్నవాడు 13.6 కిలోలకు వచ్చాడు. అమ్మమ్మ బరువు నేను మొదట్లో చూడనేలేదు, అది నా లోపం. ఫిబ్రవరిలో 38 కిలోలున్న ఆమె జూన్‌లో 39.5 ఉంది. వడ్డీ మాత్రం కడుతూనే ఉంది, దాని విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

నా పత్రంలో మార్చినవి

"కుటుంబ సభ్యులెందరు" అన్న గడిని కొట్టేసి, దాని చోట మూడు ప్రశ్నలు రాసుకున్నాను. నిన్న ఈ కుండలోది ఎవరెవరు తిన్నారు, కార్డులో ఎవరెవరి పేర్లున్నాయి, ఎవరు చివర తిన్నారు. మొదటి రెండింటికీ సంఖ్య రాసుకోకుండా పేర్లు రాస్తాను. ఇంటికి మొదటిసారి ఇరవయ్యో తేదీ తర్వాతే వెళ్తున్నాను, కుదరకపోతే నెలాఖరులో రెండోసారి వెళ్తాను. హార్బరు వాడల్లో ఫిబ్రవరి, మార్చిల్లోనే నిషేధం రోజుల లెక్క వేయిస్తున్నాను. మధ్య తరం ఊళ్లో లేని ఇళ్లలో, వంట చేసే మనిషి వయసు రాసుకుంటున్నాను.

జూన్ 30న వెళ్లినప్పుడు చిన్న కొడుక్కి సంబంధం కుదిరిందని, శ్రావణంలో పెళ్లి అని చెప్పారు. కోడలు వస్తే తనకు వంట పని తప్పుతుందని మనవరాలు సంబరపడుతోంది. అమ్మమ్మ బస్తాల లెక్క మళ్లీ వేసుకుంటోంది. అమ్మాయి క్యాలెండరు తెచ్చి నా ముందు పెట్టి, "అ" అక్షరం అమ్మమ్మకు ఇచ్చేశాం కదా, అత్తకు ఏ అక్షరం పెట్టాలని అడిగింది.